ప్రాజెక్టును ఇంటికి పంపకండి

బడుల్లో ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో పిల్లల పనిని చూసి మార్కులు వేసే మూల్యాంకనం) దగ్గరపడితే ఊళ్ళో పుస్తకాల షాపులో చార్టులు, స్కెచ్ పెన్నులు అయిపోతాయి. నెట్ సెంటర్‌లో "నీటి వనరులు, ఎనిమిదో తరగతి" అని చెబితే రెండు పేజీల సమాచారం, నాలుగు బొమ్మలు ప్రింటు తీసి ఇస్తారు. ఇప్పుడైతే ఆ పని ఇంట్లో ఫోనే చేసిపెడుతోంది. సోమవారానికి టీచర్ బల్ల మీద నలభై చార్టులు చేరతాయి. వాటిలో సగానికి పైగా ఒకేలా ఉంటాయి. మార్కులు వేశాక అవి బీరువా మీదికి పోతాయి. పిల్లలు ఏదీ కొలవలేదు, ఎవరినీ అడగలేదు, దేన్నీ సరిచూసుకోలేదు. అయినా రికార్డులో ప్రాజెక్టు పని పూర్తయినట్టే.

ఇలా ఎందుకవుతోందో లెక్క వేస్తే తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్ళకు ఏడు సబ్జెక్టులు: తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితం, భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, సాంఘిక శాస్త్రం. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు. ఒక్కో ఎఫ్‌ఏలో నాలుగు అంశాలు చూడాలి: తరగతిలో పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. ప్రతి సబ్జెక్టుకూ ప్రతి ఎఫ్‌ఏలో ఒక ప్రాజెక్టు అనుకుంటే ఒక్కో పిల్లవాడు ఏడాదికి 28 ప్రాజెక్టులు చేయాలి. నలభై మంది చొప్పున నాలుగు సెక్షన్లు చూసే టీచర్ దగ్గరికి 640 వస్తాయి. ఒక్కోదానికి ఐదే నిమిషాలు పెట్టినా 3,200 నిమిషాలు, అంటే 71 పీరియడ్లు. ఎంత మనసు పెట్టే టీచరైనా ఇంతమందివి చదవలేరు. చదవరని పిల్లలకూ తెలుసు. అందుకే ఇద్దరికీ తొందరగా తేలిపోయే పద్ధతి ఒకటి కుదిరిపోయింది. దాని పేరు చార్టు.

నా మాట ఇంతే. ప్రాజెక్టు పని బడిలోనే, బడి వేళల్లోనే, టీచర్ కళ్ళముందే జరగాలి. ఇంటికి పంపితే అమ్మానాన్నల చదువుకూ జేబుకూ పరీక్ష పెట్టినట్టవుతుంది. ఇంటి నుంచి తేవాల్సిన సమాచారం ఉంటే తెచ్చుకోవచ్చు. ఆలోచించడం, కొలవడం, రాయడం మాత్రం బడి దాటకూడదు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే మిగతా చిక్కులన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి, వాటికి పరిష్కారాలూ దొరుకుతాయి.

ప్రాజెక్టు పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ అనే విద్యావేత్త 1918లోనే దీని గురించి రాశాడు. చేతిపని మీదుగా చదువు సాగాలన్న గాంధీ ఆలోచన 1937లో వార్ధా సమావేశంలో చర్చకు వచ్చింది. మన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా పిల్లలు పనుల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలంటుంది. అభ్యంతరాలూ కొత్తవి కావు. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు, విషయం కొత్తగా నేర్చుకునేవాళ్ళను సరైన మార్గదర్శనం లేకుండా సొంతంగా కనుక్కోమని వదిలేస్తే నేర్చుకోలేరని గట్టిగా వాదించారు. ఆ వాదనను తోసిపుచ్చలేం. మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చడం రాని పిల్లను నీళ్ళ లెక్క కట్టమంటే ఆమె నేర్చుకునేది ఓటమి ఒక్కటే. కాబట్టి ప్రాజెక్టులో పాఠం చెప్పడం మానకూడదు. ఏ రోజు ఏ పాఠం అవసరమో ఆ రోజే చెప్పాలి.

అసలు ప్రశ్న ఎలా ఉండాలి

చాలా ప్రాజెక్టులు మొదటి వాక్యంలోనే పాడవుతాయి. "నీటి కాలుష్యం గురించి సమాచారం సేకరించండి" అన్నది ప్రశ్న కాదు. దానికి జవాబు ఎక్కడో ముందే రాసి ఉంది, పిల్లలు తెచ్చి అతికిస్తారు. ప్రశ్న పెట్టేముందు నాలుగు విషయాలు చూసుకోవాలి. ఫోన్‌లో వెతికితే జవాబు దొరుకుతుందా? దొరికితే ఆ ప్రశ్న వద్దు. బడి ఆవరణలోనో, నడిచి వెళ్ళేంత దూరంలోనో కొలవగలమా? రెండు గుంపులు చేస్తే రెండు వేరు జవాబులు వచ్చే వీలుందా? వస్తేనే వాదన పుడుతుంది. జవాబు ఎవరికైనా అవసరమా? హెచ్ఎంకో, వంట చేసే అక్కలకో, పంచాయతీకో అది పనికొస్తే పిల్లలు వేరేలా పనిచేస్తారు.

"మన బడిలో రోజుకు ఎన్ని లీటర్ల నీళ్ళు వాడుతున్నాం, ఎన్ని కారిపోతున్నాయి, ఎక్కువ పోయేది ఎక్కడ?" అన్న ప్రశ్న ఈ నాలుగింటికీ నిలుస్తుంది. తెలుగులో అయితే సామెతలు ఏరి రాయమనడానికి బదులు, ఒక్కో సామెత ఎవరి నోట విన్నారు, ఏ సందర్భంలో అన్నారు, ఎవరిని ఉద్దేశించి అన్నారు అని రాయించాలి. సాంఘికంలో, సంతలో కిలో టమాటాకు రైతు చేతికి ఎంత వస్తోంది, కొనేవాళ్ళు ఎంత ఇస్తున్నారు, మధ్యలో ఎక్కడెక్కడ ఎంత కలుస్తోంది అన్నది మంచి ప్రశ్న. పదో తరగతి సాంఖ్యక శాస్త్రానికి ముప్పై ఇళ్ళ కరెంటు బిల్లుల్లోని యూనిట్లు చాలు. సగటు, మధ్యగతం (వరసలో పెడితే నడిమధ్యన వచ్చే విలువ) రెండూ కట్టించి, ఏసీ ఉన్న రెండిళ్ళు సగటును ఎంత లాగుతున్నాయో చూపించవచ్చు.

ఇక్కడ నీళ్ళ లెక్క ఒక్కటే తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. ఏ ప్రాజెక్టులోనైనా వచ్చే చిక్కులు దాదాపు అన్నీ దీనిలోనే కనిపిస్తాయి.

సమయం

45 నిమిషాల పీరియడ్‌లో హాజరుకు, గుంపులుగా కూర్చోవడానికి పది నిమిషాలు పోతాయి. చివర సామాను సర్ది లోపల పెట్టడానికి ఇంకో పది. మిగిలేది 25 నిమిషాలు. ఏ రోజు పని ఆ 25 నిమిషాల్లో ముగిసేలా ముందే విడగొట్టుకోకపోతే గంట కొట్టేసరికి బకెట్లు సగం నిండి ఉంటాయి, కాగితాల మీద సగం అంకెలే ఉంటాయి. మర్నాడు మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రాజెక్టులు మధ్యలో ఆగిపోవడానికి పెద్ద కారణం ఇదే.

నీళ్ళ లెక్కకు పది పీరియడ్లు పడతాయి. మొదటి పీరియడ్‌లో ప్రశ్న చర్చించి, బడి చుట్టూ తిరిగి కుళాయిలన్నిటికీ సుద్దతో నంబర్లు వేసి పటం గీయాలి. రెండోదాంట్లో ప్రమాణాల పాఠం, పాత్రలను సరిచూడడం. మూడు నుంచి ఐదు కొలతలకు. ఆరులో లెక్కలు, ఏడులో అన్ని గుంపుల అంకెలూ ఒకే పట్టికలోకి. ఎనిమిదిని ఖాళీగా ఉంచుకోవాలి. అనుమానం వచ్చిన కొలతలు మళ్ళీ తీయడానికి అది తప్పకుండా అవసరమవుతుంది. చివరి రెండూ రాయడానికి, పిల్లలను విడివిడిగా ప్రశ్నలడగడానికి.

పది పీరియడ్లంటే ఏడున్నర గంటలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. అందులో ఏడున్నర గంటలు ఒక శాతం కూడా కాదు. అదీ ఒక్క టీచర్ మీదే పడనక్కర్లేదు. ఈ ప్రాజెక్టులో గణితం ఉంది, భౌతికశాస్త్రం ఉంది, నీటి వనరుల పాఠం ఉంది, నివేదిక రాయడం తెలుగు పని. నలుగురు టీచర్లు కలిసి ఒకే ప్రాజెక్టును నాలుగు సబ్జెక్టులకు లెక్కలోకి తీసుకుంటే ఒక్కొక్కరి వంతుకు రెండు గంటలు కూడా రాదు. ఏడాదికి ఇలాంటివి రెండు చాలని నా అభిప్రాయం. నాలుగు ఎఫ్‌ఏలకూ కొత్త ప్రాజెక్టు పెట్టనక్కర్లేదు. మొదటి ఎఫ్‌ఏలో కొలతల నోటు, రెండోదాంట్లో విశ్లేషణ అని ఒకే పనిని రెండు ఎఫ్‌ఏలకు పంచుకోవచ్చు.

దీనికి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే స్టాఫ్ మీటింగ్‌లో మాట్లాడుకోవాలి. టైమ్‌టేబుల్ వేసేటప్పుడే వారానికి ఒకసారి రెండు సబ్జెక్టుల పీరియడ్లు పక్కపక్కన వచ్చేలా పెట్టుకుంటే, ఆ రోజు 90 నిమిషాలు ఒకే పనికి దొరుకుతాయి. ఆగస్టులో అడిగితే ఎవరికీ కుదరదు. పదో తరగతికి మాత్రం దసరా తర్వాత ఏ ప్రాజెక్టూ పెట్టవద్దు. ప్రత్యేక తరగతులు మొదలైతే పిల్లలకు ఊపిరాడదు.

కొలతల్లో వచ్చే తప్పులు

సామాను పెద్దగా అవసరం లేదు. ల్యాబ్‌లోని 100 మిల్లీలీటర్ల కొలజాడీలు రెండు, బకెట్లు మూడు, తాగి పడేసిన అరలీటరు, లీటరు నీళ్ళ సీసాలు పది, మీటరు మీటరుకూ ముడి వేసిన 20 మీటర్ల తాడు, సెకన్లు చూపే గడియారమో టీచర్ ఫోనో. చార్టులకు, థర్మాకోల్‌కు తల్లిదండ్రులు పెట్టే ఖర్చులో చిన్న వంతు కూడా కాదు. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. అలాంటప్పుడు పర్యావరణ ప్రాజెక్టును థర్మాకోల్‌తో చేయించడం మనం ఆపాలి.

మొదటి పని పాత్రలను సరిచూడడం. షాపువాళ్ళు "పది లీటర్ల బకెట్" అని అమ్మినదానిలో అంచు దాకా పోస్తే ఒక లెక్క, చెవుల కిందిదాకా పోస్తే ఇంకో లెక్క వస్తుంది. లీటరు సీసా కూడా మూతి దాకా నింపితే లీటరు కన్నా కొంచెం ఎక్కువే పడుతుంది. కొలజాడీతో పదిసార్లు పోసి సీసా మీద లీటరు గీత, ఆ సీసాతో బకెట్ మీద ఐదు, పది లీటర్ల గీతలు పెర్మనెంట్ మార్కర్‌తో పెట్టించాలి. ఈ పని వదిలేస్తే ఏడో పీరియడ్‌లో గుంపుల అంకెలు కలవవు. ఎందుకు కలవలేదో కనుక్కోవడానికీ దారి ఉండదు.

కారే కుళాయి దగ్గర పిల్లలకు మొదట తోచేది చుక్కలు లెక్కపెట్టడం. అది వద్దు. డ్రాపర్ చుక్కలు మిల్లీలీటరుకు సుమారు 20 పడతాయని పుస్తకాల్లో ఉంటుంది. కుళాయి చుక్క అంతకన్నా చాలా పెద్దది, పైగా కుళాయికీ కుళాయికీ మారుతుంది. సీసా పెట్టి ఎంతసేపట్లో నిండిందో చూడడమే నమ్మకమైన పద్ధతి. ఉదాహరణకు అరలీటరు సీసా 12 నిమిషాల్లో నిండితే గంటకు రెండున్నర లీటర్లు. ఇక్కడ దాదాపు ప్రతి గుంపూ 24తో గుణించి రోజుకు 60 లీటర్లని రాసేస్తుంది. అప్పుడు ఒక్క ప్రశ్న అడగాలి: రాత్రంతా ట్యాంకులో నీళ్ళుంటాయా? సాయంత్రానికే ట్యాంకు ఖాళీ అయితే కుళాయి కారడమూ ఆగిపోతుంది. అసలు ఉదయం ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒత్తిడి ఎక్కువ, మధ్యాహ్నం మట్టం తగ్గాక తక్కువ. అందుకే ఒకే కుళాయిని ఉదయం ప్రార్థన ముందు, భోజనం తర్వాత, ఇంటికెళ్ళే ముందు, మూడుసార్లు కొలవాలి. ఈ కొలతలకు పీరియడ్ అక్కర్లేదు, ఇంటర్వెల్ చాలు.

గణితం టీచర్లకు ఇక్కడ ఒక మంచి పాఠం దొరుకుతుంది. ఉదయం సీసా 12 నిమిషాల్లో, సాయంత్రం 18 నిమిషాల్లో నిండింది అనుకుందాం. కొందరు నిమిషాల సగటు 15 తీసుకుని గంటకు 2 లీటర్లంటారు. ఇంకొందరు రెండు వేగాలూ విడిగా కట్టి, 2.5కూ 1.67కూ సగటు 2.08 అంటారు. రెండూ ఒకటి కావు. రెండు పూటలూ సమానమైన గంటలకు వర్తిస్తాయనుకుంటే రెండోదే సరి. సరైనదేదో చెప్పేముందు పిల్లలను పది నిమిషాలు వాదించుకోనివ్వాలి. సగటు అనే పాఠం ఎన్ని అభ్యాసాలు చేయించినా ఇంత బాగా పట్టుబడదు.

మధ్యాహ్న భోజనం తర్వాత కంచాలు కడిగే నీళ్ళ లెక్క ఇంకో రకం. ఒక కుళాయి తిప్పి పది లీటర్లు ఎన్ని సెకన్లలో వచ్చాయో చూసి ధార వేగం కడతారు. భోజనం వేళ పది కుళాయిలూ ఒకేసారి తిరిగి ఉంటాయి, ఒక్కో ధార సన్నబడుతుంది. ఒంటరి కుళాయి వేగంతో లెక్క కడితే చాలా ఎక్కువ వస్తుంది. అన్నీ తిప్పి ఉంచి, ఒకదాన్ని కొలవాలి. అప్పుడు నిమిషానికి 9 లీటర్లు వచ్చి, ఒక్కో పిల్ల పది సెకన్లు కడిగితే ఒకటిన్నర లీటర్లు. 240 మంది పిల్లలున్న బడిలో 360 లీటర్లు. ఇంకో సంగతి, చేతిలో గడియారం పట్టుకుని పక్కనే నిలబడితే కడిగేవాళ్ళు గబగబా కడిగేసి వెళ్ళిపోతారు. కొంచెం దూరంగా కూర్చుని ఇరవై మందిని గమనించాలి.

ఆఖరుది మొత్తం లెక్క. మోటారు రోజుకు ఎన్ని నీళ్ళు ఎక్కిస్తోంది? మోటారు వేసేవాళ్ళు, ఆపేవాళ్ళు వారంపాటు ఒక కాగితం మీద టైము రాసిపెట్టాలి. మోటారు వేగం కనుక్కోవడానికి పైపును కింద డ్రమ్ములో పెట్టి కొలిస్తే తప్పు వస్తుంది. మిద్దె మీది ట్యాంకు ఎత్తుకు తోసేటప్పుడు అదే మోటారు తక్కువ పోస్తుంది. ఖాళీ అయిన వెయ్యి లీటర్ల ట్యాంకు ఎంతసేపట్లో నిండిందో పెద్దవాళ్ళు చూసి చెప్పడమే మేలు. అలా 20 నిమిషాల్లో నిండితే నిమిషానికి 50 లీటర్లు. రోజుకు 40 నిమిషాలు నడిస్తే 2,000 లీటర్లు ఎక్కినట్టు. ఇప్పుడు కుళాయిల వాడకం, కంచాలు, వంట, మరుగుదొడ్లు, కారేవి అన్నీ కూడితే 1,450 వచ్చిందనుకుందాం. మిగతా 550 ఏమయ్యాయి?

ఈ ప్రాజెక్టుకు ప్రాణం ఈ ప్రశ్నలో ఉంది. దీని దాకా రాకుండా ఆపేస్తే అంతకుముందు చేసిందంతా కూడికలు, గుణకారాలే. తేడా ఎప్పుడూ వస్తుంది. రావాలి కూడా. మరుగుదొడ్లలో బకెట్లు తక్కువ లెక్కేశామా? మోటారు ఆపడం మరిచిపోయి ట్యాంకు పొర్లిందా? వంటవాళ్ళు ఉదయం పిల్లలు రాకముందే బిందెలు పట్టుకున్నారా? ఒక్కో గుంపు ఒక్కో అనుమానం తీసుకుని ఎనిమిదో పీరియడ్‌లో తేల్చుకొస్తుంది. ఇక్కడ టీచర్లకు చాలా ఓపిక కావాలి. కారణం మనకు ముందే తెలిసినా నోరు మెదపకూడదు. చాలా తరగతుల్లో అంకెలు కలవలేదు కాబట్టి ప్రాజెక్టు విఫలమైందని దిద్దించేస్తారు. పట్టికలో చక్కగా సరిపోయిన అంకెలు కనిపిస్తే నేను అనుమానిస్తాను. నిజమైన కొలతలు అలా సరిపోవు.

అందుకే నోటులో తప్పు అంకెను రబ్బరుతో చెరపనివ్వకూడదు. ఒక్క గీతతో కొట్టేసి, పక్కన కొత్త అంకె, ఎందుకు మార్చారో ఒక్క మాట రాయాలి. పెన్సిల్ వద్దు, పెన్నుతోనే రాయాలి.

జాగ్రత్తల విషయంలో మొహమాటం పనికిరాదు. పిల్లలు మిద్దె ఎక్కకూడదు, సంపు మూత ముట్టుకోకూడదు, మోటారు గదిలోకి, స్టార్టర్ డబ్బా దగ్గరికి పోకూడదు. ఆడపిల్లల మరుగుదొడ్ల లెక్క ఆడపిల్లల గుంపే చూడాలి, అదీ బయట తొట్టి నుంచి నింపుకున్న బకెట్లు మాత్రమే.

గుంపులు

నలభై మందికి నలుగురేసి పది గుంపులు. ఆరుగురుంటే ఇద్దరు ఊరికే నిలబడతారు. ఇద్దరే అయితే ఒకరు రాని రోజు పని ఆగుతుంది. నలుగురికీ నాలుగు పనులు: కొలవడం, టైము చూడడం, రాయడం, సరిచూడడం. పనులు ప్రతి పీరియడ్‌కూ మారాలి. మార్చకపోతే ఏమవుతుందో ఏ బడిలోనైనా కనిపిస్తుంది. దస్తూరి బాగున్న అమ్మాయి మొదటి నుంచి చివరిదాకా రాస్తూనే ఉంటుంది, అబ్బాయిలు బకెట్లు మోస్తారు, చదువు వెనకబడిన పిల్లవాడికి గీతలు కొట్టే పని దక్కుతుంది. ఎవరికి వచ్చిన పని వాళ్ళు మళ్ళీ చేస్తే కొత్తగా నేర్చుకున్నది ఏముంటుంది? చదవడం సరిగ్గా రాని పిల్లలకు సరిచూసే పని ఇచ్చి చూడండి. గడియారం చూసి "ఇది తప్పు" అనగలగడానికి వేగంగా చదవడం రావాల్సిన పనిలేదు. తరగతిలో వాళ్ళ మాటకు విలువ పెరుగుతుంది.

గుంపులను స్నేహితులకు వదిలేయకుండా టీచరే వేయాలి. ఒకే వాడ పిల్లలంతా ఒకేచోట చేరకుండా చూడాలి. ఎవరి బిందెను ఎవరు ముట్టుకోవచ్చన్న పట్టింపు ఇప్పటికీ పోని ఊళ్ళు ఉన్నాయి. నీళ్ళ పనిలో ఇది పట్టించుకోవలసిన విషయం.

గైర్హాజరు ఇంకో చిక్కు. అక్టోబర్, నవంబర్‌లలో పత్తి ఏరడానికి పిల్లలు పోయే ప్రాంతాల్లో నలుగురిలో ఒకరిద్దరు తరచూ ఉండరు. గుంపు నోటు ఒకరి సంచిలో ఇంటికి పోతే మర్నాడు ఆ గుంపంతా ఖాళీ. నోట్లు బడిలోనే, బీరువాలో ఉండాలి. మానేసి వచ్చిన పిల్లకు మిగిలినవాళ్ళు మొదటి ఐదు నిమిషాల్లో జరిగింది చెప్పాలి. ఇది చెప్పేవాళ్ళకు కూడా మంచిది, తమకు అర్థం కానిదేదో అక్కడే తెలిసిపోతుంది. ఈ ప్రాజెక్టును జూలై, ఆగస్టులలో పెట్టుకుంటే ఆ బాధ కొంత తప్పుతుంది.

భాష గురించి ఒక మాట. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ప్రాజెక్టు ఇంగ్లీషులోనే రాయాలంటే పిల్లలు వెంటనే పుస్తకంలోంచి చూసి రాస్తారు, ఎందుకంటే సొంత వాక్యం రాదు. చర్చ, వాదన, కొలతల నోటు తెలుగులోనే సాగనివ్వాలి. పట్టిక శీర్షికలు రెండు భాషల్లోనూ పెట్టి, చివర ఐదారు వాక్యాల సారాంశం ఇంగ్లీషు టీచర్ సాయంతో రాయిస్తే చాలు.

మార్కులు

మార్కులు దేనికి పడతాయో పిల్లలు దాన్నే చేస్తారు. అట్ట, రంగులు, దస్తూరి చూసి మార్కులు వేసినంత కాలం చార్టులే వస్తాయి. పది మార్కులకు నేను సూచించే పంపకం ఇది: కొలతల నోటుకు నాలుగు, లెక్కకూ కారణాలకూ మూడు, ఒక్కొక్కరినీ నోటితో అడిగే ప్రశ్నలకు మూడు. మొదటి ఏడూ గుంపుకు, చివరి మూడూ పిల్లలకు విడివిడిగా. అందానికి ఒక్క మార్కు కూడా లేదని మొదటి రోజే బోర్డు మీద రాయాలి.

నోటి ప్రశ్నలకు ఒక్కొక్కరికి నిమిషంన్నర చాలు. నలభై మందికి గంట. మిగతావాళ్ళు నివేదిక రాసుకుంటూ ఉండగా రెండు పీరియడ్లలో అయిపోతుంది. రెండే ప్రశ్నలు: "ఈ అంకె ఎలా వచ్చింది?" అని నోటులో ఒకచోట వేలుపెట్టి అడగాలి. "మళ్ళీ చేస్తే ఏం మారుస్తావు?" అనేది రెండోది. పని చేయని పిల్లలు మొదటిదానికే తడబడతారు. ఈ రెండు ప్రశ్నలు ఉంటాయని తెలిస్తే మూడో రోజు నుంచి ఊరికే నిలబడేవాళ్ళు తగ్గిపోతారు.

మోడరేషన్‌కు, అంటే మార్కులు సరిగ్గా వేశారో లేదో చూడడానికి వచ్చే బృందం రికార్డు అడుగుతుందని చాలామంది టీచర్లు భయపడి మళ్ళీ చార్టులకే పోతారు. గుంపు నోటు, తరగతి పట్టిక, మార్కుల పట్టిక, ఈ మూడూ ఒక ఫైలులో పెడితే అంతకుమించిన రికార్డు ఉండదు. కొట్టివేతలతో ఉన్న నోటును చూపడానికి సిగ్గుపడవద్దు. పని జరిగిందనడానికి ఆ కొట్టివేతలే సాక్ష్యం.

ఇష్టమొచ్చినట్టు మార్కులు వేస్తే చివరికి ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో చూశాం. ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన సంస్కరణలతో పదో తరగతిలో వందకు 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి ఇచ్చారు. అవి దుర్వినియోగం అవుతున్నాయన్న ఆరోపణల మధ్య అక్కడి ప్రభుత్వం 2019లో వాటిని తీసేసింది. పిల్లల పనిని చూసి మార్కులు వేయగల అధికారం టీచర్ల చేతికి వచ్చి, మళ్ళీ పోయింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మూడు గంటల పరీక్ష కొలవలేనివి చాలా ఉన్నాయి. వాటిని కొలిచే పనిని మనం నమ్మకంగా చేసి చూపించకపోతే మళ్ళీ ఇవ్వమని అడిగే హక్కు ఉండదు.

తేలిన లెక్కను పిల్లలే హెచ్ఎంకు, పాఠశాల కమిటీకి చెప్పాలి. ఏ నంబరు కుళాయికి వాషర్ మార్చాలి, దేనికి కుళాయే మార్చాలి, ఎంత ఖర్చు అన్నది ఒక పేజీలో. సమగ్ర శిక్ష పథకం కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 రూపాయల స్కూల్ గ్రాంటు నిర్ణయించారు. అందులోంచే సుద్ద నుంచి మరమ్మతుల దాకా అన్నీ చూసుకోవాలి కాబట్టి, ఎక్కువ కారే మూడు కుళాయిలు ముందు అని పిల్లలే వరస పెట్టి ఇస్తే పని జరిగే అవకాశం ఎక్కువ. మరమ్మతు అయ్యాక అదే సీసాతో, అదే వేళల్లో, అవే కుళాయిలను ఇంకోసారి కొలిపించాలి. వాషర్ మార్చిన కుళాయి కొన్ని వారాల్లోనే మళ్ళీ కారడం మామూలే. ఆ కొలత తీయడానికి తొమ్మిదో తరగతికి వెళ్ళిన పిల్లలు కాకుండా, కొత్తగా ఎనిమిదికి వచ్చినవాళ్ళను పాత నోటు చేతికిచ్చి పంపండి. నోటు చూసి వాళ్ళు ఆ పని చేయలేకపోతే, ఆ నోటు సరిగ్గా రాయలేదన్నమాట. వచ్చే ప్రాజెక్టు రెండో పీరియడ్‌లో చెప్పాల్సిన పాఠం ఏదో అక్కడ తేలుతుంది.